గీత ముట్టుకున్నాకే ఏడుపు

ఫోన్ వచ్చినప్పుడు నేను నా జెరాక్సు షాపులో, ఆధార్ కాపీ వంకరగా వచ్చిందన్న ఒకాయనతో దెబ్బలాడుతున్నాను. మా అమ్మాయి బడిలో డ్రిల్లు మాస్టారు తెల్లవారుజామున నిద్రలోనే పోయారని కబురు. మారుమాట లేకుండా ఇంకో కాపీ తీసి ఆయన చేతిలో పెట్టి, షట్టరు దించేశాను. నరసీపట్నంలో నేను మారుమాట లేకుండా కాపీ ఇవ్వడం అదే మొదటిసారి.

మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ కోపం వస్తే పట్టపగ్గాలుండవు. ముందు అరుపు, తర్వాత విసురు, ఆఖరికి కొరుకుడు. "మనసులో వచ్చినదాన్ని పట్టుకోలేకపోతోందమ్మా, మెల్లగా నేర్పాలి. ఏదైనా ఆటలో వేయండి" అన్నారు విశాఖ డాక్టరుగారు. మా వీధివాళ్ళు మాత్రం "తల్లి పోలికే" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఏడో తరగతిలో ముగ్గుర్ని కొరికాక హెడ్మాస్టరుగారు తేల్చి చెప్పేశారు. ఇంకొక్కసారి కొరికితే టీసీ. దాన్ని చేర్చుకునే బడి ఊళ్ళో ఇంకొకటి మిగల్లేదు.

ఆ గండంలోనే చెడుగుడులో చేర్చాను. మొదటిరోజే మాస్టారి మోచేయి కొరికేసింది. అయిపోయింది, టీసీయే అనుకున్నాను. ఆయన పంటిగాట్లు తిప్పి తిప్పి చూసుకుని, "పట్టు బాగుందే గుంటా! పళ్ళతో కాదు, సేతుల్తో పట్టు" అన్నారు. పెద్దాసుపత్రికి నేనే వెంట వెళ్ళాను. "కుక్క కరిసిందా, కోతి కరిసిందా?" అని అడిగింది నర్సు.

"మా సెడుగుడు జట్టు లెఫ్ట్ కార్నర్ కరిసిందమ్మా" అన్నారాయన.

హెడ్మాస్టరుగారికి చెప్పొద్దని నేను బతిమాలబోతే, "సెప్పడానికేటుందమ్మా? ఆటలో తగిలింది" అని చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నారు.

ఆయన వైద్యం ఒక్కటే, కూత. కోపం వస్తే గీత దాటి అవతలికి వెళ్ళాలి. ఒక్క ఊపిరితో "కబడ్డీ కబడ్డీ" అంటూ తిరిగొచ్చి గీత ముట్టుకోవాలి. "కూతలో ఉన్న నోరు కరవనేదు. గీత ముట్టీసేక ఎంతసేపేడ్సినా సరే, ఎవలూ ఊరుకో అనకూడదు" అనేవారు. ఆ చివరి మాట నాకోసమే. దాని ఏడుపు మొదలైతే చాలు, అంతకన్నా గట్టిగా "ఊరుకో!" అని నేను అరిచేదాన్ని. నెల తిరిగేసరికి మా వంటింటి గడపే గీతైపోయింది. ఉప్మా చేసిన రోజు పెరట్లోంచి కూత వినిపించేది.

కోటవురట్లలో పోటీకి హెడ్మాస్టరుగారు కూడా వచ్చారు. మా అమ్మాయి చెయ్యి గీతకు తగలనే తగిలింది. అయినా రిఫరీ అవుటన్నాడు. మా బడివాళ్ళందరూ దాని నోటివంకే చూస్తున్నారు. అది దవడలు బిగించి, కూత గొణుక్కుంటూ వెళ్ళి పక్కన కూర్చుంది. నాకే ఆగలేదు. కోర్టులోకి ఉరికి, "కళ్ళు బస్సులో మర్సిపోయొచ్చీసేరేటండీ?" అని రిఫరీ మీద పడ్డాను. ఆట ఆగిపోయింది.

మాస్టారు నన్ను నీళ్ళ క్యాను దగ్గరికి పిలిచి, చెప్పుతో నేలమీద గీత గీశారు. "కూతెట్టండమ్మా."

"నేనా?"

"మరెవలు? పిల్ల నోరు మూసుకునే ఉంది కదా. బేగి కానీండి, ఆటాగిపోయింది."

అంతమందిలో పెట్టాను. మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆట ఓడిపోయాం. తిరుగు బస్సులో హెడ్మాస్టరుగారు, "టీసీ అంటూ ఇవ్వాల్సొస్తే తల్లికే ఇవ్వాల" అన్నారు. మాస్టారు నావైపు తిరిగి, "తల్లి పోలికేనమ్మా. మీరు నేర్సుకుంటే అదీ నేర్సుకుంటాది" అన్నారు. ఆ మాటకు నాకు కోపం రాలేదు. ఆయనకు నేను ఎంత రుణపడ్డానో బతికుండగా చెప్పనే లేదు.

మా అమ్మాయి ఇప్పుడు పది చదువుతోంది. సమాధుల దొడ్డిలో మాస్టారి పెట్టె దించుతుంటే దాని దవడ బిగుసుకుంది. ఆ దవడ సంగతి నాకు తెలుసు, భయపడ్డాను. అది గుప్పెడు మట్టి తీసుకుని ముందుకు వెళ్ళింది. పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నారు కాబోలు, పాస్టరుగారు మెచ్చుకోలుగా తలూపారు. మట్టి వేసి, ఊపిరి తీయకుండా అలాగే వెనక్కి నడిచి వచ్చి, వంగి నా కాలి బొటనవేలు ముట్టుకుంది. అప్పుడు ఘొల్లుమంది.

పక్కనున్న పెద్దావిడ "ఊరుకో తల్లీ" అనబోయింది.

"అనకండమ్మా," అన్నాను, "గీత ముట్టీసుకుంది."