మిగిలిన మూడు పిండాలు

పాపకి తొమ్మిదో ఏడు నడుస్తుండగా విశాఖపట్నం ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. పెళ్ళైన చాలా ఏళ్ళకు, అక్కడి డాక్టర్లు గాజుపాత్రలో పిండాలు తయారుచేసి, ఒకటి నా కడుపులో పెడితే పుట్టిన పిల్ల అది. మిగిలిన మూడూ అక్కడే, గడ్డకట్టే చలిలో ఉన్నాయి. చట్టం ప్రకారం పదేళ్ళకు మించి దాచకూడదట. ఇంకో బిడ్డ కోసం వాడుకుంటారా, చలిలోంచి తీసి వదిలేయమంటారా, పరిశోధనకు ఇస్తారా అని అడిగారు. ఇద్దరమూ సంతకం పెట్టాలి.

నేను గజపతినగరం దగ్గర బడిలో టీచర్ని. ఇంకో కాన్పుకు వయసు దాటింది. మనసు పరిశోధన వైపే పోయింది. కారణం కళింగపట్నంలో మంచం మీదున్న నా తమ్ముడు. వేటకెళ్ళిన పడవ కెరటానికి తిరగబడి మీద పడ్డాక వాడికి నడుము కింద స్పర్శ లేదు. పిండంలోని మూలకణాలు ఒంట్లో ఏ కణంగానైనా మారగలవని, వాటితో తెగిన నరాలకు మందు వెతుకుతున్నారని ఎక్కడో చదివాను.

మా ఆయన ఒప్పుకోలేదు. వరి, మొక్కజొన్న పండించే మనిషి. "మొలకెత్తకపోతే మానె. కోసి సూడ్డానికిస్తావా? మన పాపకి తోడబుట్టినవే కదా అవి?" అన్నాడు.

ఆయన అన్నది నిజమే. ఆ రోజు డాక్టరు చేతికి వేరే పిండం వచ్చివుంటే, ఇప్పుడు వసారాలో ఎక్కాలు అప్పజెబుతున్న పిల్ల ఇంకెవరో అయివుండేది.

ఆదివారం కళింగపట్నం వెళ్ళాం. అమ్మ ఎండుచేపలు తిరగేస్తూ అంతా విని, "పిండాలంటే పోయినోళ్ళకి ఎడతాం. పుట్టనోళ్ళని కూడా పిండాలే అంటారేటే?" అంది.

తమ్ముడు నాతో, "అప్పా, నా కోసరమైతే ఇయ్యకు. రేపు నాను నడవకపోతే ఉత్తినే పోనాయని నువ్వేడుస్తావు. నన్ను పక్కనెట్టి ఆలోసించు," అన్నాడు.

వారం రోజులు అలాగే ఆలోచించాను. ఇవ్వాలనే తేలింది. కానీ మొదట అనుకున్నంత తేలిగ్గా కాదు.

అన్నీ అడిగాకే చెప్తానని మా ఆయన ఆసుపత్రికి వచ్చాడు. అక్కడ మాకు వివరాలు చెప్పిన అమ్మాయి ఏదీ దాచలేదు. "కణాలు తీశాక ఇంక పిండం ఉండదండీ," అంది.

"ఈ పని ఎవులు సేస్తారమ్మా? కంపెనీయా, గవర్నమెంటా?" అన్నాడు మా ఆయన.

"ఇలాంటి పరిశోధనల్ని పరిశీలించే కమిటీ అనుమతి ఉన్న సంస్థకే పంపుతాం. అమ్మడానికి వీల్లేదు."

"మందు కనిపెడితే మా ఊరి ఆసుపత్రికి వస్తాదా?"

"అది నేను చెప్పలేనండీ."

ఆ జవాబే ఆయన్ని కదిలించింది. "ఈ అమ్మాయి అబద్ధమాడ్నేదు," అని నాతో అని, సంతకం పెట్టాడు.

రెండు నెలలకు ఆ అమ్మాయే ఫోన్ చేసింది. పిండాలు తీసుకునేవాళ్ళు ఎవరూ దొరకలేదట. తీసుకుంటామన్న ఒకే ఒక్క సంస్థకు ప్రభుత్వ నిధులు రాక ఆ పని ఆగిపోయిందట. గడువు దగ్గరపడింది కాబట్టి, వదిలేయడానికి మళ్ళీ వచ్చి సంతకాలు పెట్టమంది.

పెట్టాం. తిరుగు బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. మేమిద్దరం తిండి సహించక, ఒకరితో ఒకరం వాదించుకుని ఒక మాట మీదికి వచ్చాం. నిధులు ఇవ్వకపోవడం కూడా ఒక తీర్పే. ఆ తీర్పు ఇచ్చినవాళ్ళు ఎవరో, మా ఆయనలాగా తోడబుట్టినవని తల్లడిల్లారో, అసలు నిధులడిగిన కాగితమే విప్పలేదో మాకు తెలియదు. వద్దనుకుని వద్దంటే కనీసం కారణమైనా చెప్పేవారు.

మొదట వద్దన్న మా ఆయనకే ఎక్కువ కోపం వచ్చింది. "ఇయ్యొచ్చని సట్టంలో రాసినోళ్ళు, పుచ్చుకునే సోటు సూపించొద్దా? నేదంటే వద్దని సెప్పాల," అంటూ ఆరోగ్య శాఖకు అర్జీ రాయడానికి కూర్చున్నాడు. తమ్ముడి సంగతి కూడా అందులో రాసి, వాడి సంతకం కోసం కళింగపట్నం పట్టుకెళ్ళాడు.

తమ్ముడు రెండుసార్లు చదివి, పెన్ను అడిగాడు. "నా నడుం సంగతి తీసెయ్ బావా. అది రాస్తే అడుక్కున్నట్టుంటాది. మనం అడుగుతున్నది అది కాదు గదా," అని ఆ నాలుగు వరుసలూ కొట్టేశాడు.

మా ఆయన అక్కడే, మంచం పక్కన కూర్చుని, అర్జీ మొత్తం మళ్ళీ రాశాడు.