ఒంటికాలి మీద దాటిన ముగ్గు

ఈశ్వర్ ఉన్నన్నాళ్లూ బంగారమ్మ తెల్లవారకముందే గుమ్మం కడిగి, ముగ్గు పెట్టి, ఆ తర్వాతే టీ కాచేది. ఆయన రైలు వ్యాగన్ల కార్ఖానాకి బయలుదేరే వేళకి గుమ్మం కళకళలాడాల్సిందే. ఫాల్గుణంలో ఆయన పోయాడు. అప్పట్నుంచి కడగడమొక్కటే మిగిలింది. ఏడాది తిరిగేదాకా ముగ్గు పడకూడదని, పడితే పోయిన మనిషి తనని మరిచిపోయారనుకుని గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోతాడని ఆడపడుచు చెప్పి వెళ్లింది. నిజమో కాదో బంగారమ్మకి తెలియదు. తెలియని చోటే భయం ఎక్కువ. ముగ్గుడబ్బా మెట్టు కింద దాచేసి, రెండు పూటలా చీపురు అరిగేలా గుమ్మం కడిగేది.

హిందీ మాట్లాడే ఆ ఊళ్లో, మోవా పేటలో, ఈ తెలుగువాళ్ల సందు కాలువ ఎప్పుడో పూడిపోయింది. వానలు ముంచుకొస్తున్నాయని ఒక సేవాసంఘం వాళ్లు విదేశీ కుర్రకారుని వెంటబెట్టుకొచ్చారు. వాళ్లలో పోలండు నుంచి వచ్చిన మార్తా అనే పొడుగాటి పిల్ల మోకాళ్లదాకా బూట్లు తొడుక్కుని బురదలో దిగింది. పాలిథిన్ సంచులు, తెగిన చెప్పులు, చివరికి ఒక కుక్కరు మూత పైకి తీసింది.

"ఓలమ్మా, అది మాదే!" అంది ఎదురింటి పార్వతమ్మ. "మా కోడలు దొంగలు పట్టుకుపోయారని ఏడ్సింది."

సందంతా నవ్వింది. బంగారమ్మ నవ్వలేదు గాని, పనిచేసేవాళ్లకి కుండలో నీళ్లు తెచ్చి పెట్టింది.

మధ్యాహ్నం పని ఆగాక పిల్లలు మార్తాని వదల్లేదు. బిల్లస్ ఆడదామన్నారు. గడులు గీసి, పెంకు విసిరి, ఒంటికాలి మీద గెంతే ఆట. సుద్దముక్క సగంలోనే అరిగిపోయింది. మెట్టు కింద డబ్బా సంగతి పార్వతమ్మ మనవరాలు లహరికి తెలుసు. లోపల బియ్యం కడుగుతున్న బంగారమ్మ బయటికొచ్చేసరికి, తన గుమ్మం ముందు తెల్లటి గడులు నిండుగా పరుచుకుని ఉన్నాయి.

పార్వతమ్మ పరుగున వచ్చింది.

"ఏటిది ఒదినా! ఏడాదైనా తిరగనేదు, గుమ్మంలో ఈ ముగ్గేటి?"

"ముగ్గు కాదు నానమ్మా, బిల్లస్!" అంది లహరి.

"డబ్బా ముగ్గుదే కదే, బుద్ధి నేనిదానా!"

ఆయన వచ్చి, చూసి, వెళ్లిపోతే? బంగారమ్మ లోపలికి పరిగెత్తి బకెట్టు నిండా నీళ్లు తెచ్చింది.

గడుల మధ్యలో మార్తా ఒంటికాలి మీద ఆగిపోయి ఉంది. తప్పేదో జరిగిందని ఆమెకి అర్థమైంది, ఏమిటో తెలియలేదు. ఒక చేత్తో బూట్లు పట్టుకుని, రెండోది గాల్లోకి చాపి, గీత చెరగకుండా ఊగుతూ గెంతుతూ బయటికి రాసాగింది.

బంగారమ్మ బకెట్టు దించేసింది.

ఈశ్వర్ ఇలాగే వెళ్లేవాడు. ఒక చేతిలో టిఫిన్ డబ్బా, రెండో చెయ్యి గాల్లో. "నీ ముగ్గు చెరిపితే రాత్రికి కూడు పెట్టవు కదే," అనేవాడు. ఒక దీపావళికి పెద్ద ముగ్గు దాటబోయి డబ్బాతో సహా బోర్లా పడ్డాడు. తెల్లటి గీత కనిపిస్తే వెనక్కి తిరిగే మనిషా? గెంతే మనిషి!

బంగారమ్మ పకపకా నవ్వేసింది. నవ్వుతోబాటు కళ్లనీళ్లూ వచ్చాయి.

"ఏటొదినా, ఏటయింది?" పార్వతమ్మ హడలిపోయింది.

"మీ అన్నయ్య ఇలాగే గెంతేవోడు కాదా, పార్వతీ?"

"గుర్తు నేకేటి! పడినప్పుడు లేపింది మా ఆయనే." పార్వతమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "మరి మీ ఆడబిడ్డకి ఏటి సెప్తావు?"

"పిల్లలాట అని సెప్తాను. మీ అన్నయ్యొస్తే గెంతుకుంటూ వస్తాడులే."

మార్తా గుడ్డ తడిపి గడులు తుడవబోయింది. బంగారమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "రహనే దో, బేటీ. ఉండనీ."

సాయంత్రం గుమ్మం కడిగే వేళయింది. నీళ్ల బకెట్టు నిండుగా అలాగే ఉంది. పిల్లలు గెంతే దారికి అడ్డు లేకుండా దాన్ని పక్కకి జరిపి, బంగారమ్మ లోపలికెళ్లి టీ పెట్టుకుంది.