పైవరుసలో భీమ్లా

నడిగూడెం పక్కపల్లెలో అంగన్‌వాడీ టీచర్ విజయకు శుభ్రం పిచ్చి. గిన్నెలు తళతళలాడాలి, గోడ మీద బొమ్మ ఇంచు వంకరున్నా ఊరుకోదు. ఆ పిచ్చితోనే కంప్యూటర్‌లో పిల్లల బరువుల పట్టికనూ ఊడ్చేసింది. అందులో ప్రతి పిల్లకూ రెండు వరుసలు. పైన పోయిన నెల బరువు, కింద ఈ నెలది. కిందిదాంట్లోంచి పైది తీసేస్తే ఎంత పెరిగారో తేలుతుంది. పాత నెలవి ఇంకా ఎందుకు దండగని విజయ ఆ వరుసలన్నీ పీకేసింది. కంప్యూటర్‌కేం తెలుసు పాపం, పైన ఎవరు దొరికితే వాళ్ల బరువు తీసేసుకుంటూ పోయింది.

భీమ్లా పద్దెనిమిది కిలోలు. వాడి కింద రాహుల్, పదమూడు. ఇంకేముంది, రాహుల్ ఒక్క నెలలో ఐదు కిలోలు చిక్కిపోయాడు!

సూర్యాపేట నుంచి జీపేసుకుని సూపర్‌వైజర్ సింధు దిగేసరికి రాహుల్ రెండో గుడ్డు తింటున్నాడు.

"పిల్లగాన్ని రెండు వారాలు దవాఖానల పెట్టాలె" అంది సింధు.

"నా కొడుక్కేమైందమ్మా? దూడ లెక్క ఉన్నడు గద!" అని వాళ్లమ్మ మైసమ్మ లబలబలాడింది.

"లోపల తగ్గి ఉంటడు."

విజయ తన ఘనకార్యం అక్కడికక్కడే చెప్పేసింది. సింధు తల అడ్డంగా ఊపింది.

"పట్టిక లాక్ అయింది టీచర్, ఉన్న వరుసలు మార్చరాదు. ఇగ కొత్త పేరు ఇరికించుడు తప్ప ఏం కాదు."

ఇరికించమంటే ఇరికించింది మహాతల్లి! విజయ కూతురు సౌందర్య పురిటికొచ్చి ఇంట్లోనే ఉంది. పసిగుడ్డు మూడు కిలోలు. పేరింకా పెట్టలేదు కాబట్టి 'బేబీ ఆఫ్ సౌందర్య' అని రాసి సరిగ్గా రాహుల్ నెత్తిన కూర్చోబెట్టింది. రాహుల్ ఒక్క దెబ్బకు పది కిలోలు పెరిగాడు. జీపు ఖాళీగా వెళ్లిపోయింది. మైసమ్మ టీచర్ చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

వారం తిరక్కుండానే జీపు మళ్లీ వచ్చింది, ఈసారి విజయ ఇంటికే. పసిదాని పైవరుసలో భీమ్లా ఉన్నాడు మరి.

"మీ మనవరాలు పదిహేను కిలోలు తగ్గింది టీచర్. బట్టలు సదురుకోమనుండ్రి" అంది సింధు.

"ఉన్నదే మూడు కిలోలమ్మా!"

"అందుకే అర్జంటు."

సౌందర్య పిల్లను గుండెకు హత్తుకుని గొల్లుమంది. "పాలు సాలుతలేవని నేను మొత్తుకుంటనే ఉన్న గదనే అమ్మా! నువ్వే ఇనలే!"

విజయ కూతురి పక్కన కూలబడింది. "నీ పాలు కాదే బిడ్డా, నా లెక్క పాడుగాను!"

సౌందర్య నమ్మలేదు. కళ్లు తుడుచుకుంటూ పిల్ల బట్టలు సంచిలో కుక్కుకుని, తల్లి మొహం చూడకుండా జీపెక్కింది.