మంచి గౌను

మెడలో టేపు, పెదవుల మధ్య గుండుసూది లేనిదే దర్జీకి నిద్ర కూడా పట్టదని భార్య నవ్వేది. కూతురికి ఎప్పుడు గౌను కుట్టినా ఒకే గుడ్డతో రెండు కుట్టేవాడు. "ఏది బాగా కుదిరింది తల్లీ?" అనేవాడు. పిల్ల వేలు పెట్టి చూపించిన గౌను చర్చిలో బీదపిల్లల పెట్టెలోకి పోయేది. "దేవుడు మనకి మిగిలింది ఇవ్వలేదమ్మా, తన కొడుకునే ఇచ్చాడు" అనేవాడు పిల్లతో. ఈసారి పిల్ల జ్వరంతో పడుకునే మంచిదేదో చూపించింది. మూడో రోజుకి దక్కలేదు. "ఈ ఒక్కసారికి మంచిది తొడుగుదామండీ" అని తల్లి బతిమాలింది. "అది పిల్ల ఇచ్చేసింది. వెనక్కి తీసుకోడానికి మనమెవరం?" అంటూ రెండోదే తొడిగి సాగనంపాడు. ఆదివారం చర్చిలో ఎవరో చిన్న పాప కాళ్ళకి ఆ మంచి గౌను అంచు అడ్డం పడుతోంది. దర్జీ మోకాళ్ళ మీద కూర్చుని, పెదవుల మధ్య నుంచి గుండుసూది తీసి, అంచు మడిచి గుచ్చాడు. "బాగా కుదిరిందా తల్లీ?" అన్నాడు, తలెత్తకుండా.