మలుపు నుంచి మూడో తలుపు

మా మనవరాలు ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం చేస్తోంది. తెర మీది జాబితాలో మూడో పేరును నొక్కమని తను రాసిన ప్రోగ్రామ్, ఈ రోజు వేరే పేరును నొక్కింది. పైనున్న పేరొకటి ఎవరో తీసేశారట. సాయంత్రంలోగా సరిచేయాలని తను తంటాలు పడుతుంటే నేను ఊరుకోలేదు.

"పేరు సదవకుండా లెక్కెట్టి నొక్కేత్తాదేటే? ఎవులు నేర్పినారు దానికి?" అన్నాను.

తర్వాత ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో మా మరదలి క్వార్టర్‌కు వెళ్ళాను. నాకెప్పుడూ మలుపు నుంచి మూడో తలుపే గుర్తు. తిన్నగా వంటింట్లోకి నడిచి, "పాలు పొంగిపోతన్నాయి, ఎక్కడ సచ్చినావే!" అని కేకేశాను. ఒక బెంగాలీ ఆవిడ కంగారుగా వచ్చి, "కాకే చాన్, మాషీమా?" అని, ఎవరు కావాలో మర్యాదగా అడిగింది.

మలుపులోని మొదటి క్వార్టర్‌ను ఈ మధ్యే పడగొట్టారు. నేను దూరింది మా మరదలి పక్కింట్లో. గోడ మీద నంబరు ఇంత పెద్దగా రాసే ఉంది. పాపం, ఆవిడ ఆ పాలతోనే నాకు టీ పెట్టి ఇచ్చింది.

ఇంటికొచ్చి చెబితే మనవరాలు పడీ పడీ నవ్వింది. "పేరు సూసి నొక్కమని మార్సినాను, నాది పాసైపోనాది నానమ్మా. మరి నిన్నేటి సెయ్యాలి?"

నంబరు చదివి మరీ తలుపు తీసేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి, రేపటి నుంచి నేర్చుకుంటాను.