ముందు వెలగని స్లైడు

డాక్టరమ్మ పోయారని శనివారం పొద్దున్న తెలిసింది. ఆవిడ భర్త విజయవాడ నుంచి మా విభాగానికి ఫోను చేశారట. సెక్రటరీ వచ్చి ఆ మాట చెప్పి వెళ్లిపోయాడు. నేను గాజుసామాను కడుగుతున్నాను. కడిగిన బీకర్లనే మళ్లీ కడిగానని తరవాత చూసుకున్నాను. ఆ రోజు నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. నేనుండే రిగ్గై పేటలో మా గదివాళ్లు "ఏంట్రా ఆ తిరుగుడు, మాకు కళ్లు తిరుగుతున్నాయి" అంటున్నారు. ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచాను.

నేను అమలాపురం దగ్గర నుంచి కువైట్‌కి ల్యాబులో నేల తుడిచే పనికి వచ్చినవాణ్ణి. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది. ఏ రోజు ఏం చేశానో రాసుకోవడం మాత్రం చిన్నప్పటి అలవాటు. ఒకరోజు నా నోటుబుక్కు డాక్టరమ్మ కంటపడింది. నాలుగు పేజీలు తిరగేసి, "ఏసీ ఎన్నింటికి ఆగిందో కూడా రాశావే! ఇలాంటివాడికి చీపురు ఇచ్చిందెవరయ్యా? రేపట్నుంచి నా బల్ల దగ్గరికి రా" అన్నారు.

ఆవిడ పని చర్మం కింద పట్టుగా ఉండే సంయోజక కణజాలం మీద. కాలిన గాయాలు మానాక కొందరికి మచ్చ తాడులా ఉబ్బుతుంది. ఆ మచ్చలోంచి తీసిన కణాలను గాజు మీద పెంచేవాళ్లం. వాటి మీద యాంటీబాడీ చుక్క వేస్తే, అది తనకు సరిపడే పదార్థం ఉన్నచోటే అతుక్కుంటుంది. తరవాత దాన్ని పట్టుకునే రెండో యాంటీబాడీ వేస్తాం. దానికి రంగు అంటించి ఉంటుంది. చీకటి గదిలో సూక్ష్మదర్శిని కింద పెడితే, కదురుల్లాంటి కణాలు పచ్చగా వెలుగుతాయి. ప్రతిసారీ ఒక స్లైడుకి మొదటి యాంటీబాడీ వెయ్యం. అది వెలగకూడదు. వెలిగితే మిగతావాటిని నమ్మడానికి లేదు.

అందరూ వెలిగే స్లైడు కోసం ఆత్రపడేవాళ్లు. ఆవిడ మాత్రం "ముందు వెలగనిది పెట్టు" అనేవారు. మొదట్లో ఒకసారి నేను తొంగి చూసి, "ఏమీ కనపట్టం లేదండి" అన్నాను.

"దానికోసమేనయ్యా ఈ తిప్పలన్నీ" అన్నారు.

ఆవిడకీ కుదురు తక్కువే. స్లైడులు కడిగే అయిదేసి నిమిషాలూ వరండాలో పచార్లు చేసేవారు. గాజులు తీసి కోటు జేబులో వేసుకునేవారు కాబట్టి, ఎంత దూరంలో ఉన్నారో ఆ చప్పుడుని బట్టి తెలిసేది.

చుక్క ఎండకుండా స్లైడులను తడిపెట్టెలో ఉంచాలి. విదేశం నుంచి రావలసిన పెట్టె రాలేదు. ఆవిడ ఇంటి నుంచి స్టీలు టిఫిను డబ్బా తెచ్చి, అడుగున ఒక పక్కగా తడిదూది పరిచారు. మూత వదులు. నేను రోజూ రబ్బరుబ్యాండు వేసేవాణ్ణి. ఒకరోజు అది తెగింది. ఇంకోటి వెతుకుతుండగా, మా కాగితాల పనులు చూసే మందూబ్ కింద నుంచి కేకేశాడు. "ఇఖామా! సంతకం! యల్లా, యల్లా!"

నివాస అనుమతి కాగితాల మీద నా సంతకానికి తొందరపెడుతున్నాడు. మూత ఊరికే పెట్టి దిగాను. తిరిగొచ్చేసరికి నాలుగు స్లైడుల మీద చుక్క ఎండి అంచు కట్టింది. నాలుగూ మచ్చ కణాలే. దూది పక్కనున్న మామూలు చర్మం స్లైడులు, వెలగకూడని స్లైడు తడిగానే ఉన్నాయి. ఎండినవాటికి మళ్లీ చుక్క వేశాను. ఎవరికీ చెప్పలేదు. నోటుబుక్కులో మాత్రం రాశాను.

చీకటి గదిలో ఆ నాలుగూ విపరీతంగా వెలిగాయి. మామూలు చర్మం వెలగలేదు. ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మచ్చలో మాత్రమే ఉండే పదార్థం, రెండేళ్లుగా వెతుకుతున్నది, దొరికిందనుకున్నారు. అప్పటికి ఆవిడ కాంట్రాక్టు ముగియవస్తోంది. ఈ రిపోర్టు పైకి వెళితే కాంట్రాక్టు మళ్లీ రాస్తారు. టైపు మొదలైంది. ఎండిన కణానికి రంగు ఊరికే అంటుకుంటుందని నాకు నేర్పింది ఆవిడే. మూడు రోజులు నోటుబుక్కు ఆ పేజీకే తెరిచి బల్ల మీద పెట్టాను. ఆవిడ చూడలేదు. నా పని సరిచూడాలని ఆవిడకి తోచలేదు.

నాలుగో రోజు వరండాలో ఆవిడకి ఎదురెళ్లాను.

"అమ్మా, ఆ నాలుగు స్లైడులూ..."

"పగలగొట్టావా?"

"లేదండి. ఎండిపోయేయండి. మళ్లీ చుక్క ఏసేసేనండి."

గాజుల చప్పుడు ఆగిపోయింది. "నోటుబుక్కులో రాశావా?"

"ఆయ్. ఆ రోజే రాసేనండి."

"పుస్తకానికి చెప్పావు, నాకు చెప్పలేదన్నమాట."

ఆవిడ టైపిస్టు దగ్గర కాగితాలు తీసుకుని విభాగాధిపతి గదిలోకి వెళ్లారు. తలుపు తెరిచే ఉంది. ఇంగ్లీషులో నాకు అర్థమైనంత ఇది. నాలుగు స్లైడుల సంగతి ఎవరికి తెలుస్తుందని ఆయన అడిగారు. "నాకు తెలుసు. నాతో పనిచేసేవాడికి తెలుసు" అన్నారు ఆవిడ. మూత చూసుకోకపోవడం తన పొరపాటని కూడా అన్నారు.

కొత్త కణాలతో మూడుసార్లు చేశాం. మచ్చకీ మామూలు చర్మానికీ తేడా కనపడలేదు. కాంట్రాక్టు మళ్లీ రాయలేదు. వెళ్లే రోజు ఆవిడ టిఫిను డబ్బా నా చేతిలో పెట్టి, "మూత జాగ్రత్త" అన్నారు. క్షమించమని అడగాలని పొద్దుటి నుంచీ కూడగట్టుకున్నాను. నోట్లోంచి "ఆయ్" ఒక్కటే వచ్చింది. ఉత్తరంలో రాద్దామనుకున్నాను. ఏళ్లు గడిచాయి.

ఆ శనివారం కూడా స్లైడులు ఉన్నాయి. డబ్బాకి రబ్బరుబ్యాండు వేసి, చుట్టూ తిరుగుతూ మూత పదిసార్లు నొక్కి చూశాను. కడిగే అయిదు నిమిషాలూ వరండాలో నడిచాను. చీకటి గదిలో సూక్ష్మదర్శిని దీపం వేడెక్కాక, ముందు వెలగని స్లైడు పెట్టి కన్ను ఆనించాను. ఎక్కడా చుక్కంత పచ్చ లేదు. నలుపు. పక్కన వెలిగే స్లైడులు వరసగా ఉన్నాయి. చెయ్యి వాటి మీదికి పోలేదు. పొద్దుటి నుంచి మొదటిసారి, లేవాలనిపించలేదు.