ఫ్యానుకు తోక కట్టిన సడ్డకుడు

ఆ కరోనా రోజుల్లో సూరత్‌ల మగ్గాలన్నీ బందువడ్డయి. బతుకంతా మగ్గాల చప్పుడుల నానిన చెవులకు ఇంట్ల ఫ్యాను చప్పుడొక్కటే దిక్కయింది. నాకప్పటికి అరవై దాటినయి గాని, కుళ్లుకునే కాడ మనిషికి ఎప్పుడూ పదహారేండ్లే. మాది పాత షెడ్డును గోడలు పెట్టి చేసిన ఇల్లు. కప్పు ఎత్తు, ఫ్యాను రాడ్డు పొడుగు. మూడు నంబరు మీద పెడితే కల్లు తాగినోని లెక్క ఊగేది. అంతకు మించి తిప్పే ధైర్యం ఎవరికీ లేకుండె. "జర దాన్ని సూడరాదు, మీదవడి సచ్చేటట్టున్నం" అనేది మా ఆడిది. "మగ్గాల మిస్త్రీకి ఫ్యాను సంగతి చెప్తవా? పడది, పండు" అనేటోణ్ణి. (నట్లన్నీ బిగించి చూసిన, ఇసుమంత తగ్గలే. అది ఆమెకెందుకు చెప్త?)

గట్లాంటప్పుడు దిగిండు మా సడ్డకుడు, అంటే మా ఆడిదాని చెల్లె మొగుడు. హజీరా దిక్కు పెద్ద ఫ్యాక్టరీల ఇంజనీరు. ఒక్క పూట తిని పోదామని వచ్చిండు, లాక్‌డౌన్ గట్టిగై బస్సులు గూడ బందైనయి, మా ఇంట్లనే ఉండిపోయిండు. నాకు నెయ్యి చెంచతోని, ఆయనకు గిన్నెతోని. (అప్పుడే సదువురాని నాకు అక్షరాలు గూడ నేర్పుతనన్నడు. ఆయన దగ్గర నేర్చుకుంటనా? మనవరాలి దగ్గర నేర్చుకున్న.) ఒక పగటిపూట నా పనిముట్ల డబ్బాలకెల్లే సన్నటి ఇనుప పత్తీ, అదే రేకు పట్టీ, తీసి, రాడ్డుకు తోక లెక్క కట్టి, కొసకు నట్టు తొడిగి ముందుకూ వెనకకూ జరుపుతుండు.

"ఏందది, దిష్టికా?" అన్న.

"కాదన్నా. రాడ్డు ఏ లెక్కన ఊగుతదో పత్తీ గూడ అదే లెక్కన ఊగాలె. అప్పుడు ఊపంతా ఇది మింగుతది, రాడ్డు నిమ్మళమైతది."

స్విచ్ వేసిండు. పత్తీ చిందులేసింది, ఫ్యాను దేవుని లెక్క కదలకుండ తిరిగింది. మా ఆడిది చెంపకు చెయ్యి పెట్టుకొని, "మరిదీ, ఇగ నువ్వే ఫ్యాను కింద పండు" అన్నది. అది నా జాగ! సూరత్ ఎండల ఆ చాపంత జాగే నా రాజ్యం.

"పనితనమైతే ఎంత తిప్పినా ఆగాలె" అనుకుంట, తింటున్నోణ్ణి లేచి అందరి ముందట నాలుగుకు తిప్పిన.

"వద్దన్నా! మూడుకే కుదిరిచ్చిన—" అననే అన్నడు, పత్తీ, ఫ్యాను రెండూ కలిసి ఊగినయి. నట్టు ఊడొచ్చి నేను తింటున్న పప్పులనే పడ్డది.

సడ్డకుడు నట్టు కడిగి మళ్ల తొడిగిండు. దానికి నాకు ఇంకింత మండింది. గడప కాడ కూసోని గొణుగుతుంటే మా ఆడిది అన్నది: "మరిదీ, ఈ ఇంటికి పత్తీ ఎందుకు? మీ అన్న లేడా? ఆయన ఊగుతుంటడు, మేమందరం నిమ్మళంగుంటం."

బస్సులు నడిచినంక సడ్డకుడు పోయిండు. నా జాగ నాకొచ్చింది. పత్తీ ఇంకా అట్లనే ఉన్నది, నన్ను మాత్రం మూడు దాటి తిప్పనియ్యరు. పగటిపూట చాప మీద పండి దాన్ని చూస్తుంట. ఎవరూ వినకుండ దానితోని అంట, "ఊగు తమ్మీ, ఊగు. మనిద్దరిదీ ఒకటే నౌకరీ."